మూత మీద కూర్చున్నవాడు

సంచి అడుగున ముందు ఉన్ని మేజోళ్లు పెట్టింది లమారా. కాసేపు చూసి, వాటిని బయటికి తీసి, పాస్‌పోర్టు అడుగున పెట్టి మేజోళ్లు దానిమీద కప్పింది. ఆపైన రెండు గౌన్లు, ఒక శాలువా, దువ్వెన, నొప్పి మాత్రలు, చిన్న సీసాలో తేనె. తేనె సీసా మూత బిగించి, తలకిందులు చేసి చూసి, మళ్లీ బిగించింది. గ్రీసులో ముసలివాళ్లకు సేవ చెయ్యడానికి వెళ్లే కోడలికి తేనె ఎందుకో ఆమెకే తెలియదు. ఇంట్లోంచి తినేది ఏదో ఒకటి వెంట వెళ్లాలనిపించింది, అంతే.

"అత్తయ్యా, పొద్దుటినుంచి నాలుగుసార్లు సర్దారు. సంచి అరిగిపోతుంది" అంది నానులి. గడప దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని అక్రోటు పప్పులు సూదితో దారానికి గుచ్చుతోంది. మధ్యాహ్నం ఆ దండల్ని ద్రాక్షపాకంలో ముంచి ఆరగట్టాలి. ఆమె ముక్కు మీద వాపు పచ్చబడుతోంది. గాలి నోటితోనే పీలుస్తోంది.

"నువ్వు దారం చూసుకో. ఆదివారం అతిథుల బస్సు ఎన్నింటికి కదులుతుందంది ఆ గైడు పిల్ల?"

"భోజనాలయ్యాక, నాలుగింటికి. సోఫో డ్రైవరుతో మాట్లాడేసింది. అతిథుల వైన్ పెట్టెలు మోసుకుంటూ బస్సెక్కుతాను. ఇంక దిగను."

"దిగకు."

"మీ సంగతేమిటి మరి?"

"నా సంగతి నీకెందుకే? కన్నదాన్ని. నన్నేం చేస్తాడు?"

ఆ మాట అంటూనే లమారా చెయ్యి సంచి బొందు మీద ఆగిపోయింది. వాకిట్లో జుంబేర్ పాట వినిపిస్తోంది. కొడుకు ఇంటికి వచ్చేటప్పుడు ఎప్పుడూ పాట ముందు వస్తుంది, మనిషి తర్వాత. ఆమె సంచిని అక్రోటు గోతంలోకి కుక్కి, పైన రెండు చేటల కాయలు పోసింది.

జుంబేర్ గుమ్మం నిండా నిలబడ్డాడు. నలభై దాటినా ఒక్క వెంట్రుక నెరవలేదు. ద్రాక్షకోత మొదలైనప్పటినుంచి మోచేతులదాకా ఊదారంగు. వంగి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, పిడికెడు పప్పులు నోట్లో వేసుకున్నాడు.

"ఏం అత్తాకోడళ్లూ, నామీద ఏం కుట్ర పన్నుతున్నారు?"

"నీమీద కుట్రకి అంత తీరికెక్కడిదిరా మాకు? ఎల్లుండికి పన్నెండుమంది" అంది లమారా.

"పోలండువాళ్లమ్మా! పోసినకొద్దీ తాగుతారు, చెప్పినకొద్దీ ఏడుస్తారు. అలాంటివాళ్లకి గ్లాసెత్తి దీవెన చెప్పడంలో ఉన్న సుఖం..." అంటూ నానులి ముందు గొంతుక్కూర్చున్నాడు. "ముక్కు ఎలా ఉంది మహారాణీ?"

రెండు వేళ్లతో ఆ ముక్కు పట్టుకుని, చిన్నపిల్లల్ని ఆడించినట్టు అటూ ఇటూ తిప్పాడు. ఎముక కదిలిన చప్పుడు లమారాకు వినిపించింది. నానులి అరవలేదు. చేతిలో సూది మాత్రం బొటనవేల్లోంచి అవతలికి వచ్చింది.

"ఈసారి అతిథులు అడిగితే ఏం చెప్తావు? ఈ వైన్ చేసిందెవరు?"

"నువ్వు."

"అదీ! గట్టిగా అన్నానని కాదు, మర్యాద నేర్చుకుంటావని."

పోయిన ఆదివారం ఒక అతిథి గ్లాసు ఎత్తి, ఇది ఎవరి చేతి పని అని అడిగినప్పుడు నానులి ఆలోచించకుండా "నాది" అంది. జుంబేర్ అందరితోపాటు నవ్వాడు, ఆమెకే ఒక దీవెన చెప్పాడు. బస్సు మలుపు తిరిగాక కొట్టాడు.

శనివారం మూడో బాన కడగాలి. బానల కొట్టులో మొత్తం ఐదు, మెడలదాకా భూమిలో పూడ్చినవి. రెండింటిలో కొత్త రసం బుసబుసమని పొంగుతోంది. ఆ పొంగులోంచి వచ్చే గాలి కంటికి కనపడదు. బరువుగా నేలబారున పాకి పల్లానికి దిగుతుంది. అందుకే ఖాళీ బానలోకి మనిషి దిగితే పక్కన కొవ్వొత్తి వెలుగుతూ ఉండాలి. మంట వంగిందంటే మనిషిని పైకి లాగెయ్యాలి. లమారా పని అదే, కొవ్వొత్తి చూడడం. తన కన్ను మీద తనకు నమ్మకం లేక, నిమిషానికోసారి "నానులీ!" అని పిలుస్తుంది. లోపలినుంచి "ఊఁ" అని రావాలి.

నానులి తప్ప ఆ మెడలో పట్టేవాళ్లు ఇంట్లో లేరు. చిన్న నిచ్చెన వేసుకుని, గోచీ బిగించినట్టు గౌను దోపుకుని దిగింది. బూడిద కలిపిన వేడినీళ్లు లమారా బకెట్టుతో అందిస్తే, చెర్రీ బెరడు కట్టతో గోడలు రుద్దుతోంది. మురికినీళ్లు పొడుగు కాడ ఉన్న సొరబుర్రతో పైకి తోడుతోంది. మూడుసార్లు తోడాక నీళ్లు తేటపడ్డాయి.

"ఇంకొక్క బకెట్టు అత్తయ్యా. అడుగున నిరుటి మడ్డి కొంచెం ఉంది."

జుంబేర్ ఎప్పుడు వచ్చాడో లమారా చూడలేదు. భుజం మీద బంకమట్టి బొచ్చె. మూత చుట్టూ మెత్తడానికి తెచ్చాడనుకుంది. బొచ్చె దించి, వంగి నిచ్చెన పైకి లాగాడు.

"జుంబేర్, నానులి ఇంకా లోపలే ఉందిరా."

"తెలుసు."

అతడు కొవ్వొత్తిని వేళ్లతో నలిపాడు. గుండ్రటి పలకరాతి మూతను అంచుమీద దొర్లించుకుంటూ వచ్చి మెడ మీద పడేశాడు. లోపలినుంచి వచ్చిన కేక రాయి కింద నలిగి, ఎక్కడో పక్క ఇంట్లో అరిచినట్టయింది. అతడు మూత మీద కాళ్లు చాపుకుని కూర్చుని, సిగరెట్టు వెలిగించుకున్నాడు.

"రాత్రి నిద్రలో ఏమందో తెలుసా అమ్మా? బస్సు అంది. ఏ బస్సే అని అడిగితే మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచించుకుంటుంది."

"తియ్యరా! గాలి ఆడదు, చచ్చిపోతుందిరా!"

"ఒక్క దీవెన అంతసేపు. అంతే."

లమారా గోడకు ఆనించిన కర్ర తీసి కొడుకు వీపు మీద కొట్టింది. రెండో దెబ్బ పడకముందే అతడు కర్ర పట్టుకుని, నవ్వుతూ, ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్లి ద్రాక్షతొట్టి అంచుకు తగిలి పడింది. మోచెయ్యి చర్మం లేచిపోయింది. లేచి వచ్చి మూత అంచుకింద వేళ్లు దూర్చి లాగింది. అతని బరువు కింద అది కదలలేదు. గోళ్లు విరిగాయి.

అతడు మట్టి ముద్ద తీసుకుని మూత చుట్టూ మెత్తడం మొదలుపెట్టాడు. ఎంత నేర్పుగా మెత్తుతాడో! బొటనవేలితో నొక్కి, అరచేత్తో నున్నగా దువ్వుతూ, అతిథుల ముందు పెట్టే గొంతుతో చెప్పసాగాడు: "మన ఆడవాళ్ల కోసం! తీగ లేనిదే పందిరెందుకు? ఆడది లేనిదే ఇల్లెందుకు? మనల్ని కన్న తల్లి కోసం, మన గిన్నె నింపే చేతి కోసం..."

లోపల గుద్దుతున్న చప్పుడు తగ్గుతూ వచ్చింది. మొదట పిడికిళ్లు, తర్వాత అరచెయ్యి, తర్వాత గోళ్లు.

తెరిచి ఉన్న తలుపుకు ఎదురుగా, ప్రహరీ అవతల నిచ్చెనెక్కి పొరుగింటి వాజా తొంగిచూశాడు. "ఏమిటి జుంబేర్, రేపటి పండగ ఈరోజే మొదలెట్టావా?"

"గొంతు సవరించుకుంటున్నా అన్నా!"

"వాజా! నానులి లోపలుంది!" అని అరిచింది లమారా.

వాజా మూతవైపు చూశాడు. జుంబేర్ నవ్వుతున్నాడు. "పరాచికాలకి కూడా హద్దుండాలయ్యా" అని గొణిగి వాజా తల దించుకున్నాడు. అతని చెప్పుల చప్పుడు నిచ్చెన దిగి, వాకిలి దాటి, ఇంట్లోకి వెళ్లింది.

దేవుడి పేరు చెప్పినా, చచ్చిపోయిన తండ్రి పేరు చెప్పినా, కొడుకు చెయ్యి మట్టి మీదనుంచి లేవలేదు. అప్పుడు లమారాకు, తన నోట ఎలా వచ్చిందో తెలియదు గాని, ఒక మాట వచ్చింది.

"రేపు వంట ఎవరు చేస్తార్రా? పన్నెండుమందికి నేనొక్కదాన్ని వండలేను."

జుంబేర్ చెయ్యి ఆగింది. సిగరెట్టు చివరికంటా పీల్చి, నేలకు రాసి, లేచాడు.

"అదీ నిజమే" అన్నాడు.

మూత దొర్లించి, బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి నానులిని జుట్టు పట్టి పైకి లాగాడు. ఆమె పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నేల మీద పడి, కాసేపు ఊపిరి ఎక్కడ ఉందో వెతుక్కుంటున్నదానిలా నోరు తెరుస్తూ మూస్తూ, చివరికి బూడిదనీళ్లు కక్కింది. అతడు తన చొక్కా తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

"వేడినీళ్లు పోసుకుని పడుకో. రేపు నవ్వుతూ కనపడాలి" అన్నాడు, నిజంగానే మెత్తగా. బానలోకి తొంగిచూసి, "శుభ్రంగా కడిగిందమ్మా. చెయ్యి మంచిది" అన్నాడు.

ఆ సాయంత్రం లమారా నానులి వీపు మీద గీరుకుపోయిన చోట్ల నూనె రాసింది. పంతొమ్మిదేళ్లుగా ఈ పిల్లకు తనే చెప్పుకుంటూ వచ్చింది, మగాడికి కోపం వస్తుంది, కాసేపటికి పోతుంది అని. లేచి అక్రోటు కొట్టంలోకి వెళ్లి, గోతంలో చెయ్యి పెట్టి, సంచి అడుగునుంచి పాస్‌పోర్టు ఒక్కటి తీసి తన మేజోడులో దోపుకుంది. సంచిలో ఉంటే భయం, అంతే.

ఆదివారం పొద్దున జుంబేర్, వాజా కలిసి గొర్రెను కోశారు. కాళ్లు వాజా పట్టుకున్నాడు. అతడు లమారా వైపు చూడలేదు. జుంబేర్ కత్తిని గొర్రె ఉన్ని మీదే తుడిచి, "అమ్మా, బల్ల మీదికి కాసిని కాయలు కావాలి" అంటూ తనే కొట్టంలోకి వెళ్లాడు. లమారా రొట్టెల పొయ్యి ముందు పిండి చేతులతో ఉంది. పరుగెత్తబోయింది, అప్పటికే గోతం బోర్లించిన చప్పుడయింది. కాయలు నేలంతా దొర్లాయి.

అతడు సంచి పట్టుకుని బయటికి వచ్చాడు. అరవలేదు. ఒక్కో వస్తువూ తీసి చూశాడు, దువ్వెన, మాత్రలు, తేనె. తేనె మూత తీసి వేలు ముంచి నాకాడు. తర్వాత మొత్తం తెచ్చి రొట్టెల పొయ్యిలో నిప్పుల మీద పడేశాడు. మేజోళ్లు కాలిన కంపు వాకిలంతా పాకింది.

"రొట్టెలు వెయ్యి" అన్నాడు తల్లితో.

"ఈ పొగలోనా?"

"ఈ పొగలోనే."

లమారా వంగి, గూనలాంటి ఆ పొయ్యి లోపలి గోడకు పిండి చరిచింది. పొగకో దేనికో కళ్లు మండుతున్నాయి. కొడుకు ఆమె చెవి దగ్గర చెప్పాడు: "బస్సు కదిలేదాకా అది నా పక్కనే కూర్చుంటుంది. లేచిందో, ఈసారి ఖాళీ బాన కాదు. పొంగుతున్న దాంట్లో దించుతా. అప్పుడు వంట గురించి చెప్పకు నాకు, విన్నావా?"

అతను చేస్తాడు. అందులో ఆమెకు అనుమానం ఏ మూలా లేదు.

పన్నెండు గంటలకు బస్సు వచ్చింది. అతిథులు ప్రహరీ మీదనుంచి అలజాని లోయను ఫొటోలు తీసుకున్నారు. జుంబేర్ వాళ్లను బానల కొట్టులోకి తీసుకుపోయాడు. సొరబుర్రతో తోడి గ్లాసుల్లో పోస్తూ, భూమి తల్లి కడుపు అని, ఆ కడుపులో వైన్ తొమ్మిది నెలలు పెరుగుతుందని చెబుతుంటే, సోఫో వాళ్ల భాషలోకి మార్చి చెప్పింది. వాళ్లు వాసన చూశారు, పుక్కిలించారు, ఆహా అన్నారు. ఒకావిడ మూడో బాన మూత మీద గ్లాసు పెట్టుకుంది. నానులి ముక్కు చూసి అయ్యో అంది.

"తేనెటీగ" అన్నాడు జుంబేర్. "ఎంత చెప్పినా పువ్వుల్లో తల పెట్టడం మానదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య లమారా సోఫోను పక్కకు లాగి, మేజోడులోంచి తీసిన పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టింది.

"సంచి కాలిపోయింది. మనిషిని ఎలా తెస్తానో తెలీదు. మూడున్నరకి ఇంజను వేసి ఉంచమను."

"బామ్మా, అతను ఆమె చెయ్యి వదలడంలేదు" అంది సోఫో.

"చూస్తూనే ఉన్నా."

ద్రాక్షపందిరి కింద బల్ల వేశారు. కాల్చిన మాంసం, జున్ను, వంకాయలో అక్రోటు ముద్ద, ఊళ్లోని మగవాళ్లు నలుగురు, అతిథులు పన్నెండుమంది. తలవైపు జుంబేర్. ఆ లోయలో అతనంత తమాదా, విందు నడిపే బల్లపెద్ద, లేడని పేరు. బల్లపెద్ద దీవెన చెప్పనిదే ఎవరూ తాగకూడదు, అది ముగియనిదే ఎవరూ లేవకూడదు. అతని ఎడమచెయ్యి బల్లకింద నానులి మణికట్టు చుట్టూ ఉంది. ఆమె కుడిచేత్తోనే తిన్నట్టు నటిస్తోంది. అతని పట్టులో ఉన్న ఆమె ఎడమచేతి వేళ్లు తెల్లబడటం లమారా వడ్డిస్తూ చూసింది.

దేవుడికి, దేశానికి, అతిథులకు దీవెనలు అయ్యాయి. మూడు దాటింది. జుంబేర్ గొంతు తగ్గించి, పోయినవాళ్లను తలచుకుందాం అన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఊరివాళ్లు తమవాళ్ల పేర్లు చెప్పుకుంటూ రొట్టె ముక్క మీద వైన్ చుక్కలు వంపారు. అతిథుల్లో పావెల్ అనే కుర్రాడు తనూ కళ్లనీళ్లతో గ్లాసు వంపబోతే వాజా అడిగాడు, ఎవరికి బాబూ అని.

"మా నాన్నకి. ఆస్పత్రిలో ఉన్నాడు" అన్నాడని సోఫో చెప్పింది.

వాజా ఎగిరి అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఓరి నీ తెలివి మండా! బతికున్నవాడికి పొయ్యకూడదురా! పోస్తే పోయినట్టే! తాగు, తాగు, గ్లాసు కొట్టి తాగెయ్ నాయనా!"

బల్ల ఘొల్లుమంది. పావెల్ గబగబా తాగి దగ్గాడు. జుంబేర్ కళ్లు తుడుచుకుంటూ తల్లి వైపు వైన్ నింపిన కొమ్ము చాచాడు.

"ఇంటికి పెద్దది మా అమ్మ. అలావెర్ది, అమ్మా! నా మాట నీకు అందిస్తున్నా. నాన్న పేరు నువ్వు చెప్పు."

లమారా చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది. కొమ్ము తీసుకుంది. బల్ల మీదనుంచి ఒక రొట్టె విరిచి ఎడమచేతిలో పెట్టుకుంది. దానికి ఇంకా ఉన్ని కాలిన వాసన ఉంది. చిన్న ఉరుముకు కూడా మంచం కిందికి దూరే మనిషి ఆమె.

"నా కొడుకు జుంబేర్" అంది. "నలభై ఒక్క ఏళ్లు. నిన్న పొద్దున బానల కొట్టులో పోయాడు."

సోఫో నోరు తెరిచి, ఆగిపోయింది.

"చెప్పవే. వాళ్ల భాషలో చెప్పు" అంది లమారా. సోఫో చెప్పింది.

"నా కోడలు బాన కడుగుతుంటే నిచ్చెన తీసేసి, మూత వేసి, దానిమీద కూర్చున్నాడు. చుట్టూ మట్టి మెత్తుతూ ఆడవాళ్లకు దీవెన చెప్పాడు. అలా చెబుతూ చెబుతూ పోయాడు. వాజా చూశాడు. దేవుడు వాడి ఆత్మను చల్లగా చూడాలి."

కొమ్ము వంచింది. ఎర్రటి వైన్ రొట్టె తడిపి, ఆమె మోచేతిమీదుగా కారింది.

సోఫో చివరి మాటదాకా మార్చి చెప్పింది. బానమూత మీద గ్లాసు పెట్టుకున్న ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జుంబేర్ నవ్వబోయాడు. "అమ్మకి వయసు..." అన్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. నానులి మణికట్టు వదిలి అతడి రెండు చేతులూ బల్ల మీదికి వచ్చాయి. మట్టి కూజా అందుకుని, బల్ల చుట్టూ రెండంగల్లో వచ్చి, తల్లి ముఖం మీద కొట్టాడు.

కూజా పగిలింది. దవడ విరిగిన చప్పుడు ఆమెకు బయటినుంచి కాదు, లోపలినుంచి వినిపించింది. నేల మీద పడ్డాక, పైనుంచి అతని బూటు వచ్చింది, పక్కటెముకల మీద ఒకసారి, ఇంకోసారి. మూడోది రాలేదు. వాజా వెనకనుంచి అతని మెడ చుట్టూ చెయ్యి బిగించి కూలదోశాడు. మిగతా మగవాళ్లు కాళ్ల మీద పడ్డారు. అతడు కొరికాడు, తన్నాడు, పొద్దున కోసిన గొర్రెలా గురగురమన్నాడు. బల్ల ఒరిగి గ్లాసులు జారాయి.

నానులి బల్ల దగ్గరే నిలబడి ఉంది. మణికట్టు మీద నాలుగు వేళ్ల అచ్చు. ఆమె బస్సు వైపు కాకుండా అత్తవైపు రాబోయింది. లమారా నోటినిండా నెత్తురు, మాట రాలేదు. అరచెయ్యి ఎత్తి, కోడిపిల్లను అదిలించినట్టు అదిలించింది. నానులి ఇంకో అడుగు ముందుకేసింది. లమారా పక్కనున్న కూజా పెంకు తీసి ఆమె మీదికి విసిరింది. పెంకు నానులి కాలి దగ్గర పడింది.

అప్పుడు సోఫో ఆమె భుజాలు పట్టుకుని తిప్పింది. పావెల్ దారి ఇచ్చాడు. ఇంజను అప్పటికే మోగుతోంది.

బస్సు మలుపు తిరిగేదాకా లమారా నేలమీదనుంచే చూసింది. కిటికీలో ముఖం వెతికింది గాని, ఎండ అద్దాల మీద పడి ఏ ముఖమూ కనపడలేదు. వెనక్కి పిలవాలనిపించింది ఆమెకు. దవడ పనిచేసి ఉంటే పిలిచేదేమో కూడా.

జుంబేర్‌ను కట్టేసి వచ్చి వాజా ఒరిగిన బల్లను సరిచేశాడు. ఇక అతని దీవెనకు తాగనన్నట్టు తన గ్లాసు తీసి బోర్లించి పెట్టాడు. తర్వాత మిగతావాళ్లు, ఒకరి తర్వాత ఒకరు. స్తంభానికి కట్టేసిన జుంబేర్ అరుపు మానేసి, బోర్లించిన గ్లాసుల్ని చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆ లోయలో ఏ విందులోనూ అతన్ని బల్లపెద్దగా కూర్చోబెట్టలేదు. ఐదు నెలలు జైల్లో ఉండి ఇంటికి వచ్చాడు. లమారా తలుపు తీసింది, రొట్టె పెట్టింది. పేరు పెట్టి మాత్రం పిలవలేదు.

నానులి తిరిగి రాలేదు. రెండువేల పంతొమ్మిది అక్టోబరు ఆరో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడూ నలభైకి వెళ్లింది.